ఉన్నదున్నట్టు

పోయినవారం మనం ఆ ఇంటి కోడల్ని పదికి నాలుగు మార్కుల దగ్గర వదిలేసి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఈమె ఒక రక్తపరీక్షల ల్యాబులో, రిపోర్టులిచ్చే కౌంటర్లో పదేళ్ళుగా పనిచేస్తోంది. అద్దం తలుపు అవతల తెల్లకోటు వేసుకుని పరీక్షలు చేసేవాళ్ళలో తానూ ఒకతె కావాలని ఆమె కోరిక. అందుకు రెండేళ్ళ కాలేజీ కోర్సు ఉంది. ఆ కాలేజీలో చేరడానికి ఒక పరీక్ష ఉంది. నలభై నిమిషాల్లో ఒక పాఠం చదివి పది ప్రశ్నలకు జవాబులు రాయాలి, ఆ తర్వాత యాభై నిమిషాల్లో ఒక వ్యాసం రాయాలి. మనిషికి రెండే అవకాశాలు. మొదటిది నిరుడు చదివే భాగంలోనే చేజారిపోయింది. రెండోది సరిగ్గా వారంలో ఉంది. అది కూడా పోతే ఆ కౌంటరూ ఆమే, ఆమే ఆ కౌంటరూ.

ఆమెకు చదువు చెప్పే బాధ్యత మామగారు నెత్తిన వేసుకున్నారు. ఆయన బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు టైమ్‌కీపరుగా చేసిన మనిషి. ఎనిమిదేళ్ళ కిందట చూపు పోయింది గానీ, తలలో గడియారం ఆగలేదు. మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని (ఆయనకు మూసినా తెరిచినా ఒకటే, అయినా మూస్తారు) నలభై నిమిషాలు కాగానే "ఆపు" అంటారు. గోడ గడియారం చూస్తే నలభయ్యే ఉంటుంది.

శనివారం సాయంత్రం ఆమె ఒక పాఠం ఆయనకు వినపడేలా పైకి చదివింది. పుస్తకం మూసి జవాబులు చెప్పింది. వెనక పేజీలో ఉన్న సరైన జవాబులతో పోల్చి చూస్తే నాలుగే ఒప్పు. మామగారు తిట్టలేదు, ఓదార్చలేదు. "రేపు పొద్దున ఇదే పాఠం వాడు చదవాలి. నువ్వు పక్కన కూర్చో" అన్నారు. వాడంటే ఆమె భర్త. లిఫ్టులు బాగుచేసే మెకానిక్.

ఆదివారం పొద్దున ఆరున్నరకి వంటింటి బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. మెకానిక్కు చదవడమంటే ఎంత ఇష్టమో అతని మొహం చూస్తేనే తెలుస్తుంది. టీ గ్లాసు పక్కకు జరిపి, స్క్రూలు లెక్కపెట్టేవాడిలా మొదలుపెట్టాడు. ఫుల్‌స్టాపులన్నా కామాలన్నా అతనికి లక్ష్యం లేదు.

"వంతెన బలహీనంగా ఉందని ఇంజనీరు రెండుసార్లు రాసింది కమిటీ రెండుసార్లూ ఆ కాగితాన్ని చదవకుండా పక్కన పడేసింది మూడో నెలలో వంతెన కూలింది ఇద్దరు కూలీలు చనిపోయారు..."

"ఆగు," అన్నారు మామగారు. "ఆ కూలీల సంగతి మళ్ళీ చదువు."

"ఇద్దరు కూలీలు చనిపోయారు."

"అచ్చులో అలాగే ఉందా?"

"ఉన్నదే చదువుతున్నా నాన్నా. నేనేమన్నా చంపానా?"

మామగారు కోడలు కూర్చున్న వైపు మొహం తిప్పారు. "నిన్న సాయంత్రం ఇద్దరూ బతికే ఉన్నారు కదమ్మా. కాస్త దెబ్బలు తగిలాయన్నావు. కమిటీ వాళ్ళు కాగితాన్ని పరిశీలనకు పెట్టారన్నావు. రాత్రికి రాత్రి ఇంత ఘోరం జరిగిపోయిందా?"

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. భర్త చేతిలోంచి పుస్తకం లాక్కుని ఆ వాక్యం చూసుకుంది. చనిపోయారనే ఉంది. తన కళ్ళ మీద ఆమెకే నమ్మకం కలగలేదు. నిన్న తను చదివినప్పుడు గాయపడ్డారనే ఉందని ఒట్టేసి చెప్పగలదు.

"నేను మార్చలేదు మామయ్యా. నిజంగా. అలాగే చదివాననుకున్నాను."

అప్పుడే మెకానిక్ ఫోన్ మోగింది. ఎవరో పెద్దాయన నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఇరుక్కుపోయాడట. అతను ఒక్క గుక్కలో టీ తాగేసి, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, "మీరిద్దరూ వంతెన సంగతి తేల్చుకోండి" అని వెళ్ళిపోయాడు. వెళ్తున్నవాడి మొహంలో ఎంత హాయి!

ఇద్దరే మిగిలారు. మామగారు బల్ల మీద వేళ్ళతో తడుముకుని గ్లాసు అందుకున్నారు. ఆయనది కోపం వచ్చినప్పుడు కూడా గొంతు పెంచే స్వభావం కాదు. ఇప్పుడు కోపం కూడా లేదు.

"ఎన్నాళ్ళనించమ్మా ఇది?"

"ఏది మామయ్యా?"

"ఎనిమిదేళ్ళుగా నాకు రోజూ పేపరు చదువుతున్నావు. ఈ ఎనిమిదేళ్ళలో మన ఊళ్ళో ఒక్క బస్సు కూడా బోల్తా పడలేదు. ముప్ఫై ఏళ్ళు డిపోలో పనిచేసినవాణ్ణి, అది నమ్ముతాననుకున్నావా?"

ఆమె తల దించుకుంది. ఆ సంగతి మాత్రం నిజమే. ఆయనకు చూపు పోయిన కొత్తల్లో పేపరు చదవమని అడిగితే, చెడ్డవార్త వచ్చిన చోటల్లా ఆమెకు ఆయన మొహం చూడబుద్ధేసేది కాదు. నోరు ఒక వరుసలో ఉండగానే కళ్ళు కింది వరుసకు పరిగెత్తేవి. అక్కడ ముల్లు కనపడితే నోరు దాన్ని దాటేసేది. మొదట్లో కావాలనే చేసింది. ఎప్పుడు అలవాటైందో తెలీదు. ల్యాబులో కూడా అంతే. కౌంటరు దగ్గర నిలబడి "ఏముందమ్మా ఇందులో?" అని అడిగేవాళ్ళకి, కవరు తెరిచి చూసి, "కంగారేం లేదండీ, డాక్టరుగారికి చూపించండి" అనడం పదేళ్ళుగా ఆమె పని. కంగారు పడాల్సిన రిపోర్టయినా అదే మాట, అదే చిరునవ్వు.

"మీకు తెలిసే ఊరుకున్నారా మామయ్యా?"

"తెలిసే ఊరుకున్నాను. నువ్వు చదువుతుంటే లోకం బాగుండేది. కళ్ళు లేనివాడికి అదీ ఒక సుఖమే కదా అనుకున్నాను. నా స్వార్థం నాది." ఆయన గ్లాసు కింద పెట్టారు. "కానీ నువ్వు మెత్తగా చేసి నాకు వినిపిస్తున్నావనుకున్నాను గానీ, నీకు కూడా అలాగే వినపడుతోందని నిన్నటిదాకా తెలీదమ్మా. నిరుడు నువ్వు తప్పింది కూడా అందుకే. పరీక్షలో అడిగేదంతా నువ్వు దాటేసే ఆ ముళ్ళ గురించే."

ఆమెకు ఏడుపొచ్చింది. నిరుడు ఫలితాలొచ్చాక మూడు నెలలపాటు తనకు బుర్ర లేదనుకుంది. నలభయ్యో ఏట చదువేమిటని తనను తానే తిట్టుకుంది. బుర్ర బాగానే ఉందని ఇప్పుడు తెలిస్తే సంతోషించాలో, ఎనిమిదేళ్ళుగా ఒక పెద్దమనిషికి అబద్ధాలు చదివినందుకు సిగ్గుపడాలో అర్థం కాలేదు.

"ఏడిస్తే టైము పోతుంది," అన్నారు మామగారు. "చెప్పుల డబ్బా మూత ఏదైనా ఉంటే పట్రా. కత్తెర కూడా."

ఆయన చెప్పినట్టే మూతలోంచి అరచెయ్యంత వెడల్పు అట్టముక్క కత్తిరించింది. చదువుతున్న వరుస కింద ఆ అట్ట పెట్టాలి. కింది వరుసలు కనపడకూడదు. ఒక వరుస నోటితో పూర్తయ్యాకే అట్ట కిందికి జరగాలి. డిపోలో కొత్త గుమాస్తాలు ఒక బస్సు టైము ఇంకో బస్సుకి రాసేస్తుంటే రిజిస్టరు మీద ఆయన ఇలాగే స్కేలు పెట్టించేవారట.

"పరీక్ష హాల్లో ఇది పట్టుకెళ్ళనివ్వరు మామయ్యా."

"అరచెయ్యి పట్టుకెళ్ళనిస్తారుగా. అప్పటికి దానికి అలవాటు పడతావులే. కానియ్యి."

ఇంకో పాఠం తీసింది. ఒక మందుల కంపెనీ గురించి. మొదటి పేరా చదవడానికే చెమటలు పట్టాయి. ముందేమొస్తుందో తెలియకుండా చదవడం ఆమెకు చీకట్లో మెట్లు దిగుతున్నట్టే ఉంది. రెండుచోట్ల నాలుక తనంతట తానే మెత్తబడబోయింది. "మందు పనిచేయదని కంపెనీకి ముందే తెలుసు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయి, ఊపిరి పీల్చుకుని, వేలు పెట్టి మరీ ఉన్నమాట ఉన్నట్టే పలికింది. మామగారు "ఊఁ" అన్నారు.

నలభై నిమిషాలకు "ఆపు" అన్నారు. జవాబులు సరిచూసుకుంటే తొమ్మిది ఒప్పు. ఆమె మళ్ళీ సరిచూసింది. తొమ్మిదే. పక్కింటి వాళ్ళకి వినపడేలా "తొమ్మిది మామయ్యా!" అని అరిచింది.

"అరవకు. కళ్ళే పోయాయి, చెవులున్నాయి," అన్నారాయన. కానీ ఆయన మొహం వెలిగిపోయింది. "ఆ పదోది ఏమైంది?"

"వాళ్ళు క్షమాపణ చెప్పారా అని అడిగాడు. చెప్పారని రాశాను. చెప్పలేదు."

"పోన్లే. ఒక్కరోజులో అన్ని ముళ్ళూ గుచ్చుకోనక్కర్లేదు. గురువారం రాసిన వ్యాసం తియ్యి."

వ్యాసం విషయం పుస్తకంలోనే ఇచ్చారు. పనిచేసే చోట స్నేహితుడు తప్పు చేస్తే దాన్ని కప్పిపుచ్చడం సరైనదా? ఏదో ఒక పక్షం తీసుకుని రాయండి. ఆమె చదివింది. స్నేహం గొప్పదని మొదటి పేరా, నిజాయితీ గొప్పదని రెండో పేరా, రెండూ గొప్పవే కాబట్టి సందర్భాన్ని బట్టి నడుచుకోవాలని మూడో పేరా. అట్ట అక్కర్లేకుండానే గడగడా చదివేసింది.

"ఇందులో నువ్వెక్కడున్నావమ్మా?" అన్నారు మామగారు.

"నేనా?"

"పెళ్ళిలో ఇరువైపుల చుట్టాలకీ కోపం రాకుండా మాట్లాడే పెద్దమ్మలా ఉంది. ఒక పక్షం తీసుకోమన్నాడుగా."

"ఏ పక్షం తీసుకున్నా ఎవరో ఒకరు బాధపడతారు కదా మామయ్యా."

"దిద్దేవాడు నీ చుట్టం కాదు, బాధపడడు."

ఆమెకు కొంచెం ఉక్రోషం వచ్చింది. "మీరైతే ఏం రాస్తారు? మీరు చెప్పండి."

మామగారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. వీధిలో ఎవరో షట్టరు ఎత్తుతున్న చప్పుడైంది.

"నేను రాసేశానమ్మా. తొమ్మిదేళ్ళ కిందటే రాశాను. వ్యాసంలో కాదు, రిజిస్టర్లో. ఏడు నిమిషాలు."

ఆ సంగతి ఆమెకు ముక్కలు ముక్కలుగా తెలుసు. ఏడో నంబరు బస్సు డ్రైవరు ఆయన ప్రాణస్నేహితుడు. ఊరంతా అతన్ని ఏడో నంబరనే పిలిచేవారు. ఈ బల్ల దగ్గరే కూర్చుని ఆమె చేతి టీ తాగి, చక్కెర తక్కువైందని ప్రతిసారీ గొడవపడేవాడు. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వచ్చాడు. మూడోసారి కూడా వచ్చాడు. అయిదు నిమిషాలు దాటితే ఉద్యోగం పోతుంది. "మూడని రాయరా" అని అడిగాడు. ఈయన ఏడని రాశారు. ఉద్యోగం పోయింది. మళ్ళీ అతను ఈ గడప తొక్కలేదు. మూడేళ్ళ తర్వాత ఒక్క ఉత్తరం మాత్రం వచ్చింది.

ఆ ఉత్తరం చదివి వినిపించింది తనే.

మామగారు లేచారు. గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళి, అల్మారా కింది అరలోంచి ఒక కవరు తీసుకొచ్చి బల్ల మీద పెట్టారు. ఆరేళ్ళుగా ఎన్నిసార్లు చేత్తో పట్టుకున్నారో, అంచులు మెత్తబడిపోయాయి.

"మోకాళ్ళ నొప్పులని చదివావు. ఊరి చివరికి ఇల్లు మారానని, రావడం కుదరట్లేదని, నన్ను ఆరోగ్యం చూసుకోమన్నాడని చదివావు. వాడు అలా రాసే రకం కాదని నాకప్పుడే అనుమానం. కానీ వినడానికి హాయిగా ఉండి, అడగలేదు." ఆయన అట్టముక్క కోసం బల్లంతా తడిమి, దొరకబుచ్చుకుని, కవరు మీద పెట్టారు. "చదువమ్మా. ఒక్కో వరుసా."

"వద్దు మామయ్యా. ఇంకోరోజు చదువుతాను."

"ఇదొక్కటీ చదవగలిగితే నీకు కాలేజీ పరీక్ష లెక్కే కాదు. చదవలేకపోతే ఆ తొమ్మిది మార్కులు ఇవాళ్టి అదృష్టం, అంతే."

ఆమె కాగితం విప్పింది. అట్ట పెట్టింది.

"నువ్వు రాసింది ఏడు నిమిషాలు. నిజమే, ఏడే. నేనడిగింది మూడు. ఆ నాలుగు నిమిషాలు నువ్వు నాకు ఇవ్వలేకపోయావు." ఆమె ఆగింది. మామగారు చెయ్యి ఊపారు. "మూడేళ్ళయినా నీమీద కోపం చావలేదు. నా పెళ్ళాం నీ పేరెత్తితే అన్నం మానేస్తున్నాను. నీ గడప తొక్కను. ఇది రాతపూర్వకంగా తీసుకో, నీకు రాతే కదా ఇష్టం."

పేజీ అయిపోయింది. ఆరేళ్ళ కిందట ఆమె ఇక్కడిదాకా కళ్ళతో చూసి, పైకి మోకాళ్ళ నొప్పులు చదివి, మడిచి కవర్లో పెట్టేసింది. తలెత్తి చూస్తే మామగారు ఆ చివరి మాటకి నవ్వుతున్నారు. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఇదీ వాడి గొంతు," అన్నారు. "ఇప్పుడు వినపడింది. వెనకాల ఏముంది?"

"వెనకాలా?"

"కాగితం తిప్పు. పెన్ను గట్టిగా నొక్కి రాస్తాడు వాడు. వెనక వైపు కూడా వేలికి తగులుతోంది."

ఆమె తిప్పింది. నిజమే. వెనక సగం పేజీ రాత ఉంది. అది ఆమె ఏనాడూ చూడలేదు. పైపేజీ చేదు చూసి భయపడి, తిప్పనే లేదు.

"చదువు."

"ఇంకో సంగతి. ఆ రోజు నాకు స్టీరింగు మీద కునుకు పట్టింది. ఎవరికీ చెప్పలేదు. నువ్వు మూడు రాసుంటే మర్నాడు కూడా ఎక్కేవాణ్ణి, యాభైమందిని ఎక్కించుకుని. నువ్వు చేసింది రైటు. నా కోపమూ రైటే. ఈ మాట నీ ఎదురుగా అనాలి, కాగితం మీద కాదు. నీ గడప తొక్కనన్నాను కాబట్టి నువ్వే రావాలి. ఆదివారాలు పొద్దున డిపో ఎదుటి టీ కొట్లో కూర్చుంటున్నాను. తొమ్మిదింటి దాకా ఉంటాను. రాకపోతే నీకు నాతో మాట్లాడాలని లేదనుకుంటాను."

చదవడం అయిపోయింది. అట్టముక్క ఇంకా చివరి వరుస కిందే ఉంది. ఆమె దాన్ని తీయలేకపోయింది. ఆరేళ్ళ ఆదివారాలు. ఆయన బాధపడకూడదని తను దాటేసిన చోటే ఆయనకు కావలసిన ఒకే ఒక్క మాట ఉంది. కాళ్ళ మీద పడాలనిపించింది. "మామయ్యా, నన్ను..." అంది.

ఆయన ఆమెను తిట్టలేదు. ఎప్పుడూ ఎవర్నీ టైము అడగని మనిషి అప్పుడు అడిగారు.

"ఎంతైందమ్మా?"

"ఎనిమిదీ ఇరవై ఆరు."

"చొక్కా తీసిపెట్టు."

"ఆరేళ్ళయింది మామయ్యా. ఇంకా అక్కడ..."

"తెలుసు. నేనేం చిన్నపిల్లాణ్ణి కాదు. చొక్కా తీసిపెట్టు."

డిపో రెండు స్టాపుల దూరం. ఆదివారం కావడంతో బస్సు రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఆమె నడిపించింది. నడిపించిందనడం కన్నా ఆయనే ఆమెను లాక్కెళ్ళారనడం సబబు. దారిలో గతుకుల గురించి, స్తంభాల గురించి తప్ప ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. రోడ్డు మలుపు తిరగ్గానే డీజిల్ వాసన తగిలి ఆయన ముక్కుపుటాలు అదిరాయి. గోడ అవతల ఏదో ఇంజను స్టార్టయింది.

రోడ్డుకు ఇటువైపే ఆగిపోయారు మామగారు. ఎదురుగా టీ కొట్టు. దాని ముందు పొడుగాటి బల్ల. డిపో గేటు మీది గడియారంలో తొమ్మిది కొట్టడానికి అర నిమిషం ఉంది.

"కొట్టు దగ్గర ఎవరున్నారో చూడు," అన్నారు ఆయన. "చూసి, ఉన్నదున్నట్టు చెప్పు."

ఆమె చూసింది. బల్ల చివర ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు, జుట్టంతా నెరిసిపోయింది. అయినా ఆ భుజాలు ఆమెకు తెలుసు. అతను టీ గ్లాసు బల్ల మీద బోర్లించి, తలెత్తి ఇటు చూసినట్టే చూసి, చేతికర్ర ఆనించుకుని లేచాడు.

ఆమె నాలుక మీదికి ఎప్పటి మాటే వచ్చింది. ఎవరూ లేరు మామయ్యా, వచ్చేవారం వద్దాం అంటే చాలు. ఆయన మెల్లగా తలూపి ఇంటికొచ్చేస్తారు. ఆ మాటను ఆమె పళ్ళ వెనకే ఆపేసింది.

"ఉన్నారు మామయ్యా. ఇప్పుడే లేచారు. వెళ్ళిపోతున్నారు. మనల్ని చూసి వెళ్తున్నారో, తొమ్మిదైందని వెళ్తున్నారో నాకు తెలీదు."

మామగారు ఆమె చెయ్యి వదిలేశారు.

"ఎటువైపమ్మా?" అన్నారు.